తగ్గింపు చూసి టీవీ కొనేముందు అయిదేళ్ళ లెక్క చూడాలి

(మా గ్రామీణ విలేఖరి)

దసరా దగ్గర పడేసరికి పల్నాడు పల్లెల్లో రెండు రకాల మాటలు వినబడుతుంటాయి. ఒకటి ఈసారి పత్తి ధర ఎలా ఉంటుందనేది. రెండోది టీవీ ధర ఎంత తగ్గిందనేది. నరసరావుపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ళ బజార్లలో దుకాణాల ముందు బ్యానర్లు కడతారు. చేతిలోని సెల్‌ఫోన్ తెరిస్తే ‘సగం ధరకే’, ‘ఈ రాత్రి వరకే’ అనే ప్రకటనలు ముందుగా పలకరిస్తాయి. ఇంట్లో పిల్లలు పెద్ద తెర స్మార్ట్ టీవీ కావాలంటారు. పెద్దాయన పాతది బాగానే ఉంది కదా అంటాడు. ఇల్లాలు మిరపతోటకు మందుల డబ్బు ఎక్కడిదని అడుగుతుంది. ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. మరి తేల్చుకునేదెలా?

పల్లెవాళ్ళకు పెద్ద టీవీ ఎందుకనే పట్నవాసపు హితబోధ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పొద్దస్తమానం కలుపు తీసి, మిరపకాయ కోసి వచ్చిన మనిషికి రాత్రి ఓ గంట వినోదం కావాలి. చదువుకునే పిల్లలకు పాఠాలు చూడటానికి సెల్‌ఫోన్ తెర కంటే టీవీ తెర కంటికి సుఖం. అందులో వాదన లేదు. అయితే ‘ఎంత తగ్గింది?’ అనేది అమ్మేవాడు మన నోట పలికించే ప్రశ్న. కొనేవాడు వేసుకోవలసిన ప్రశ్న వేరే ఉంది. ఈ వస్తువు మన ఇంట్లో, మన కరెంటు మీద, మన సిగ్నలు మీద అయిదేళ్ళలో ఎంత ఖర్చు పెట్టిస్తుంది? ఆ ఖర్చుకు తగిన పని చేస్తుందా?

తగ్గింపు దేని మీద?

ప్రకటనలో ఒక పెద్ద అంకె కొట్టివేసి ఉంటుంది. దాని పక్కన చిన్న అంకె ఉంటుంది. కొట్టివేసిన అంకె గరిష్ఠ చిల్లర ధర. అంటే అన్ని పన్నులతో కలిపి ఇంతకు మించి అమ్మరాదని పెట్టె మీద ముద్రించే హద్దు. ఆ హద్దును నిర్ణయించుకునేది తయారీదారు లేదా దిగుమతిదారే. టీవీల విషయంలో ఆ ధరకు కొన్నవాళ్ళు ఊళ్ళో ఎవరైనా ఉన్నారేమో విచారించి చూడండి. మామూలు రోజుల్లో కూడా దుకాణంలో అంతకు చాలా తక్కువకే అమ్ముతారు. ఎవరూ ఇవ్వని ధర నుంచి సగం తగ్గించామంటే మనకు మిగిలేది సగం కాదు.

ఉదాహరణకు ఒక టీవీ పెట్టె మీద 40,000 రూపాయలు ఉంది. శ్రావణమాసంలో అదే దుకాణంలో 24,500కు అమ్మారు. దసరాకు 23,000 అన్నారు. ప్రకటన ప్రకారం తగ్గింపు 17,000. నిజానికి కొనేవాడికి మిగిలింది 1,500. అందుచేత టీవీ కొనాలనే ఆలోచన ఉన్నవారు రెండు నెలల ముందే ఆ మోడల్ నంబరును, దుకాణంలో చెప్పిన ధరను ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. సేలు నాటి ధరను ఆ కాగితంతో పోల్చాలి గాని పెట్టె మీద ముద్రించిన ధరతో కాదు.

మోడల్ నంబరు పూర్తిగా రాసుకోవాలని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఒకే కంపెనీ, ఒకే సైజు, పైకి ఒకేలా కనిపించే టీవీలు రెండు మూడు మోడల్ నంబర్లతో వస్తాయి. ఆన్‌లైనులో అమ్మేది ఒకటి, దుకాణంలో అమ్మేది మరొకటి అయి ఉండవచ్చు. లోపలి మెమరీ, స్పీకర్లు, వైరు పెట్టే రంధ్రాల సంఖ్య వేరుగా ఉండవచ్చు. చివరి రెండు అక్షరాలు మారినా అది వేరే వస్తువు కిందే లెక్క.

పన్ను తగ్గింది, పేరు దుకాణానికి వచ్చింది

మరో సంగతి. 32 అంగుళాల కంటే పెద్ద టీవీలపై ఇదివరకు జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 శాతం అయింది. పన్ను కలపని ధర 20,000 ఉన్న టీవీ అంతకుముందు 25,600 అయ్యేది. ఆ తేదీ నుంచి 23,600కే రావాలి. అంటే నూటికి సుమారు 8 రూపాయల తగ్గుదల దుకాణందారు దయ వల్ల వచ్చింది కాదు. అది పన్ను తగ్గినందువల్ల మనకు న్యాయంగా దక్కవలసింది. దాన్ని కూడా ‘పండుగ ఆఫరు’ కింద రాసి చూపించేవారున్నారు.

32 అంగుళాలు, అంతకు లోపు టీవీల సంగతి వేరు. వాటి మీద 2019 జనవరి 1 నుంచే 18 శాతం. కాబట్టి జీఎస్టీ తగ్గినందున 32 అంగుళాల టీవీ చవక అయిందని ఎవరైనా చెబితే నమ్మనక్కర లేదు.

గుడ్డి గుర్రానికీ దాణా తప్పదు

పాత టీవీకి కేబులు వైరో, డిష్షో ఉంటే చాలు. స్మార్ట్ టీవీకి ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్ లేని స్మార్ట్ టీవీ మామూలు టీవీయే. ఆ ‘స్మార్ట్’ అనే మాటకు ఇచ్చిన డబ్బు గోడకు వేలాడుతూ ఉంటుంది.

సెల్‌ఫోన్‌లోని నెట్‌ను టీవీకి ఇస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. లెక్క చూద్దాం. స్పష్టమైన హెచ్‌డీ బొమ్మకు గంటకు 3 జీబీ వరకు ఖర్చవుతుంది. బొమ్మ నాణ్యం తగ్గించి చూసినా గంటకు 1 జీబీ దాకా పోతుంది. 4కె బొమ్మ అయితే గంటకు 7 జీబీ వరకు కావాలి. మనలో చాలామంది వేయించుకునే రీచార్జిలో రోజుకు వచ్చేది 1.5 జీబీ లేదా 2 జీబీ. హెచ్‌డీలో చూస్తే 2 జీబీ ముప్పావు గంట కూడా రాకపోవచ్చు. ఒక టీ20 మ్యాచ్ మూడున్నర గంటలు సాగుతుంది. రెండో జట్టు బ్యాటింగుకు దిగేసరికి నెట్ చతికిలబడుతుంది. ఫోను పట్టుకుని ఇంటాయన పొలం వెళితే ఇంట్లో టీవీ ఆగిపోతుంది.

వైరు ఇంటర్నెట్ పెట్టించుకుంటే ఈ బాధ ఉండదు. 2017 డిసెంబరు 27న ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్లు కొన్ని పల్లెల్లో ఉన్నాయి. కొన్నిచోట్ల ప్రైవేటు కంపెనీల వైర్లు వచ్చాయి. అయితే నెలనెలా డబ్బు కట్టాలి. నెలకు 500 రూపాయల ప్లాను అనుకుందాం. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 590. అయిదేళ్ళకు 60 నెలలు. మొత్తం 35,400 రూపాయలు. టీవీ 23,000, దాని మేత 35,400. సినిమాలు, మ్యాచ్‌లు చూపించే యాప్‌లకు చందా వేరే కట్టాలి. తగ్గింపులో మిగిలిన 1,500 ఈ లెక్కలో ఏ మూలకూ రాదు.

కరెంటు సంగతి దీనంత భారం కాదు గాని, చెప్పుకోదగినదే. 43 అంగుళాల టీవీ సుమారు 80 వాట్లు తీసుకుంటుందనుకుంటే, రోజుకు 5 గంటలు వాడితే నెలకు 12 యూనిట్లు. 55 అంగుళాలది అంతకంటే ఎక్కువ తింటుంది. యూనిట్లు పెరిగి పై స్లాబులోకి వెళితే ఆ యూనిట్లకు రేటు కూడా ఎక్కువ పడుతుంది.

ఇప్పటికే పిల్లల చదువు కోసమో, ఇంటి నుంచి చేసే పని కోసమో వైరు ఇంటర్నెట్ పెట్టించుకున్న ఇళ్ళకు ఈ లెక్క వర్తించదు. వారు ఎలాగూ కడుతున్నారు కనుక స్మార్ట్ టీవీ వల్ల అదనపు ఖర్చు తక్కువ. ఒకే టీవీ ఒక ఇంటికి లాభం, పక్కింటికి నష్టం కావడానికి కారణం ఇదే. పక్కింటివాళ్ళు కొన్నారు గదా అని మనం కొనడం అందుకే సరికాదు.

పెద్ద తెర, మసక బొమ్మ

మన పల్లెల్లో దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ పెట్టుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. 2004 డిసెంబరులో మొదలైన ఈ సర్వీసుకు డిష్షు, పెట్టె కొన్నాక నెలవారీ చెల్లింపు లేదు. పేదల ఇళ్ళకు ఇంతకంటే మేలైన ఏర్పాటు మరొకటి కనబడదు. అయితే అందులో వచ్చే చానళ్ళలో ఎక్కువ భాగం మామూలు స్పష్టతవే. కేబులులో చవక ప్యాకేజీ చానళ్ళూ అంతే. ఆ బొమ్మను 55 అంగుళాల తెర మీదికి సాగదీస్తే మసకగా కనిపిస్తుంది. చిన్న అచ్చుమీద వేసిన ముగ్గును వాకిలంతా సాగదీసినట్లుంటుంది. ‘ఇంత పోసి కొంటే పాత టీవీలో ఉన్నంత బాగా లేదేమిటి?’ అని కొత్త టీవీ కొన్నవాళ్ళు అనుకోవడానికి కారణం టీవీ కాదు, దానికిచ్చే బొమ్మ.

దుకాణంలో చూపించే బొమ్మ వేరు. అక్కడ పెన్‌డ్రైవులో ప్రత్యేకంగా తయారుచేసిన పూలు, చేపలు, కొండలు వేస్తారు. ఏ టీవీలో వేసినా అవి బాగానే ఉంటాయి. కొనేవాడు దుకాణందారుతో, ‘ఆ చేపలు తీసేసి మామూలు కేబులు చానలు పెట్టు బాబూ’ అని అడగాలి. అప్పుడు తెలుస్తుంది తెర సంగతి.

గది కొలత కూడా చూసుకోవాలి. పది అడుగుల దూరంలో మంచం వేసుకుని చూసే ఇంట్లో 32 అంగుళాల తెర మీద 4కె అనే మాటకు అర్థం లేదు, ఆ తేడా కంటికి ఆనదు. అలాగని ఆరడుగుల వెడల్పు గదిలో 55 అంగుళాలది పెడితే కళ్ళు, మెడ నొప్పులు. మామూలు పల్లెటూరి ముందు గదికి 32 నుంచి 43 అంగుళాలు చాలు. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు గది కొద్దీ తెర.

పంటకు ముందే వచ్చే పండుగ సేలు

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ఈ పెద్ద సేళ్ళు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తాయి. నెల జీతగాళ్ళకు అది బోనసు వచ్చే కాలం. మనకు అది పెట్టుబడి పెట్టే కాలం. పత్తి అప్పుడప్పుడే తీతకు వస్తుంటుంది. సాగర్ కుడి కాలువ కింద వరి కోతకు రావాలంటే ఇంకా రెండు నెలలు పడుతుంది. మిరపకు ఎరువులు, మందులు కొట్టవలసింది అప్పుడే. మిరప డబ్బు గుంటూరు యార్డు నుంచి చేతికి రావడం ఫిబ్రవరి తరువాతి మాట. అంటే వాళ్ళ క్యాలెండరుకు మన క్యాలెండరుకు పొత్తు కుదరదు. జేబులో డబ్బు లేని నెలలో ఆఫరు వస్తుంది. అప్పుడు ముందుకు వచ్చేది వాయిదాల పద్ధతి.

‘వడ్డీ లేని ఈఎంఐ’ అని బోర్డు పెడతారు. డబ్బు అప్పిచ్చేవాడు వడ్డీ లేకుండా ఇస్తాడా? 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు, సున్నా వడ్డీ అనేది ఉండదని, వడ్డీని మరో పేరుతో దాచి వసూలు చేయడం తగదని బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. ఆ తర్వాత పేరు మారింది గాని తీరు పూర్తిగా మారలేదు.

ఒక లెక్క చూడండి. వాయిదాల మీద టీవీ ధర 24,000. నెలకు 2,000 చొప్పున 12 నెలలు. వడ్డీ లేనట్టే కనిపిస్తుంది. అదే టీవీ నగదుకు అడిగితే 22,500కు ఇస్తానన్నాడు. వాయిదాల కాగితాల ఖర్చు కింద ముందే 500 తీసుకున్నాడు. అంటే నగదు కంటే 2,000 ఎక్కువ. నెలనెలా అసలు తగ్గుతూ వస్తుంది కనుక ఈ 2,000ను మన ఊరి లెక్కలో చెప్పుకుంటే నూటికి నెలకు సుమారు రూపాయి నలభై పైసల వడ్డీ. ఏడాదికి 16 శాతం పైమాట. ఇది ఘోరమైన వడ్డీ అని అనలేం. కాని ‘వడ్డీ లేనిది’ మాత్రం కాదు. అందుకే వాయిదాల మీద కొనేవారు కూడా ముందుగా నగదు ధర అడిగి తెలుసుకోవాలి. అప్పు ఇచ్చే సంస్థలు వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ఒకే కాగితం మీద చూపించాలని రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరు 1 నుంచి నిబంధన పెట్టింది. ఆ కాగితం అడిగి తీసుకోవడం మన హక్కు. సంతకం పెట్టేముందు చదువుకున్న పిల్లల చేత చదివించుకోవాలి.

వాయిదా తప్పితే ఏమవుతుంది? బ్యాంకు ఖాతాలో డబ్బు లేక వాయిదా తిరిగిపోతే బ్యాంకు ఒక జరిమానా, అప్పిచ్చిన సంస్థ మరో జరిమానా వేస్తాయి. అంతటితో పోదు. ఆ తప్పిన వాయిదా రుణ చరిత్రలో నమోదవుతుంది. రేపు పంట రుణానికో, ఇంటి రుణానికో, పిల్లల చదువు రుణానికో బ్యాంకుకు వెళితే మేనేజరు ముందు చూసేది దాన్నే. 2,000 రూపాయల టీవీ వాయిదా తప్పి లక్షన్నర పంట రుణానికి అడ్డం పడితే ఆ టీవీ ఎంత ఖరీదైనదో అప్పుడు తెలుస్తుంది. అప్పుచేసి పప్పుకూడు అనే సామెత మన పెద్దలు ఊరకే అనలేదు.

పాత టీవీ పనికిరానిదా?

ఇంట్లో ఉన్న పలుచటి టీవీ బాగా పనిచేస్తూ, దాని వెనక హెచ్‌డీఎంఐ అనే రంధ్రం ఉంటే కొత్త టీవీ కొనే పని లేదు. ఆ రంధ్రంలో పెట్టే చిన్న పరికరం ఉంటుంది. స్టిక్ అంటారు. కొత్త టీవీ ధరలో అది చిన్న భాగమే. దానితో పాత టీవీయే స్మార్ట్ టీవీ అవుతుంది. అది పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు.

స్మార్ట్ టీవీలో తెర ఎనిమిది, పదేళ్ళు బాగానే పనిచేయవచ్చు. లోపలి కంప్యూటరు మాత్రం అంతకాలం పనికిరాదు. చవక టీవీల్లో 1 జీబీ ర్యామ్, 8 జీబీ నిల్వ ఉంటాయి. రెండేళ్ళు గడిచి యాప్‌లు పెద్దవైతే బొమ్మ తిరుగుతూ నిలబడిపోతుంది. పాత టీవీలకు యాప్‌ల వాళ్ళు మద్దతు నిలిపివేయడమూ ఉంది. 2010, 2011 సంవత్సరాల నాటి కొన్ని శాంసంగ్ టీవీలలో నెట్‌ఫ్లిక్స్ 2019 డిసెంబరు నుంచి ఆగిపోయింది. టీవీలు పాడై కాదు. అందుచేత కొనదలచినవారు 2 జీబీ ర్యామ్ ఉన్నదే అడగడం మంచిది. సేల్లో బాగా తగ్గించి అమ్మేది ఏ సంవత్సరపు మోడలో కూడా అడగాలి. మూడేళ్ళ కిందటి సరుకును కొత్త ధరకు ఇవ్వడం తగ్గింపు కిందికి రాదు.

పాడైతే మన ఊరికి ఎవరు వస్తారు?

ఒక దుకాణంలో ఒక తల్లి బేరమంతా అయ్యాక అడిగిన ప్రశ్న అందరూ అడగవలసినది. ‘అయ్యా, ఇది చెడిపోతే బాగుచేసే మనిషి మా ఊరు వస్తాడా?’ దుకాణం కుర్రవాడు ‘ఫోను చేస్తే వస్తారమ్మా’ అన్నాడు. ‘ఎవరికి చెయ్యాలి, ఎక్కడినుంచి వస్తాడు?’ అని ఆమె మళ్ళీ అడిగింది. జవాబు రాలేదు. ఆమె కొనకుండా లేచింది.

పేరున్న కంపెనీలకు కూడా సర్వీసు కేంద్రం గుంటూరులోనో, విజయవాడలోనో ఉంటుంది. మాచర్ల, కారంపూడి, దుర్గి వైపు గ్రామాలకు మెకానిక్కు రావాలంటే రోజులు పడుతుంది. పేరు వినని కంపెనీ అయితే అసలు కేంద్రమే ఉండకపోవచ్చు. ఆ కంపెనీ నంబరుకు దుకాణంలో ఉండగానే ఫోను చేసి మన ఊరి పిన్‌కోడు చెప్పి, సర్వీసు ఉందో లేదో అడగాలి. అయిదు నిమిషాల పని.

గ్యారంటీ మామూలుగా ఒక ఏడాదికి ఇస్తారు. తెర పగిలితే గ్యారంటీ వర్తించదు. పిడుగు పడి, వోల్టేజి పెరిగి కాలిపోయినా వర్తించదు. కొత్త తెర వేయించాలంటే కొత్త టీవీ కొన్నంత ఖర్చవుతుంది. మన ఊళ్ళలో టీవీలు పోయేది ఎక్కువగా ఈ మూడింటివల్లే. ఆటోలో పడుకోబెట్టి తెస్తే మట్టిరోడ్డు కుదుపులకు తెర చీలుతుంది. నిలబెట్టి, ఇద్దరు పట్టుకుని తేవాలి. ఇంటికి తెచ్చిన మనిషి ఉండగానే పెట్టె విప్పి, బొమ్మ చూసి, బిల్లులో రాసిన సీరియల్ నంబరూ టీవీ వెనక ఉన్న నంబరూ ఒకటేనో కాదో చూసుకున్నాకే సంతకం పెట్టాలి. ఉరుములు వినబడగానే కరెంటు ప్లగ్గుతోపాటు డిష్ వైరు, ఇంటర్నెట్ వైరు కూడా ఊడదీయాలి. చాలామంది ప్లగ్గు తీసి డిష్ వైరు మరచిపోతారు. పిడుగు దానిగుండా కూడా వస్తుంది.

వ్యాన్ల బేరం వద్దు

వారపు సంతల్లో, ఊరి కూడళ్ళలో వ్యాన్లు ఆపి మైకు పెట్టి పెద్ద టీవీలను పదివేల లోపే అమ్మే వారి గురించి రెండు మాటలు. బిల్లు అడిగితే ఎస్టిమేటు కాగితం ఇస్తారు. పెట్టె మీద తయారీదారు చిరునామా ఉండదు. మన దేశంలో టీవీలు అమ్మాలంటే భారత ప్రమాణాల సంస్థ వద్ద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. టీవీ వెనక ఆ సంస్థ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ సంస్థ వారి సెల్‌ఫోన్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది నిజమో కాదో తెలుస్తుంది. గుర్తు లేదు, బిల్లు లేదు, చిరునామా లేదు అంటే ధర అయిదు వేలైనా కొనరాదు. రేపు వ్యాన్ ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. తూనికలు కొలతల శాఖ అధికారులు పండుగ రోజుల్లో పట్టణ దుకాణాలతోపాటు ఈ సంతలను కూడా తనిఖీ చేయడం అవసరం.

బిల్లు ఉన్నవారికి మాత్రం చట్టం అండగా ఉంది. 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. ఆన్‌లైనులో ఢిల్లీ వ్యాపారి దగ్గర కొన్నా సరే. అయిదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. రెండేళ్ళలోపు వేయాలి. అంతకుముందే 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. వీటన్నిటికీ మూలం బిల్లు. రెండు వందలు తగ్గుతుందని బిల్లు వదులుకోవడం కంటే తెలివితక్కువ పని లేదు.

మరి కొనాలా, వద్దా?

అభిప్రాయం చెప్పమంటే ఇలా చెప్పవచ్చు. ఇంట్లో టీవీ లేకపోయినా, ఉన్నది బాగుచేయడానికి వీల్లేకుండా చెడినా, సర్వీసు ఉన్న కంపెనీది, రెండు నెలల కిందటి ధర కంటే నిజంగా తగ్గినది, చేతిలోని డబ్బుతో కొనుక్కోవచ్చు. వైరు ఇంటర్నెట్ ఇప్పటికే ఉంటే స్మార్ట్ టీవీ కొనడం సబబే. ఫ్రీ డిష్షో, చవక కేబులో మాత్రమే ఉన్న ఇంటికి 32 అంగుళాల మామూలు టీవీ చాలు. ఉన్న టీవీ బాగుంటే స్టిక్ చాలు. ఫోను నెట్ మీద ఆధారపడి, పంట చేతికి రాకముందు, వాయిదాల మీద, 55 అంగుళాల టీవీ కొనడం మాత్రం ఎంత తగ్గింపు ఇచ్చినా తగదు.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా దేశంలోని ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ ప్రసారాలు అందించారు. వాటిలో అప్పటి మన రాష్ట్రపు గ్రామాలూ ఉన్నాయి. ఊరంతటికీ ఒకే టీవీ. కొనేవాడూ లేడు, వాయిదా కట్టేవాడూ లేడు. ఆ రోజులు మళ్ళీ రావు, రావాలని కోరనక్కర కూడా లేదు. ఎవరి ఇంట్లో వాళ్ళకు టీవీ ఉండటం మంచిదే. కాని అప్పుడు లేని లెక్క ఇప్పుడు ప్రతి ఇంటి మీదా పడింది. ఆ లెక్క వేయడంలో ఒకరికొకరు సాయపడవచ్చు. పొదుపు సంఘాల నెలవారీ సమావేశాల్లో అప్పు పద్దులు చూసుకునేటప్పుడే, ఏ కంపెనీ మెకానిక్కు మన ఊరు వచ్చాడు, ఏ దుకాణం బిల్లు సరిగా ఇచ్చింది, వాయిదా కాగితంలో ఏముంది అనే సంగతులు కూడా చెప్పుకుంటే పదిమందికి మేలు.

సేళ్ళు ఈ ఏటితో ఆగిపోవు. సంక్రాంతికి ఒకటి, ఉగాదికి ఒకటి, మళ్ళీ దసరాకు ఒకటి వస్తూనే ఉంటాయి. సంక్రాంతికి మన చేతిలో వడ్ల డబ్బు ఉంటుంది, ఉగాదికి మిరప డబ్బు వస్తుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని, ఈ లెక్క కాగితం మీద వేసుకుని, నగదు పట్టుకుని వెళితే బేరం ఆడటానికి మనకు ధైర్యం ఉంటుంది. వద్దనిపిస్తే లేచి రావడానికీ ధైర్యం ఉంటుంది.